కత్తి అందుకోని సేనాని

పిల్లలూ! యుద్ధంలో ఓడిన సేనాని తన కత్తిని గెలిచినవాడికి అప్పగించటం ఒకప్పటి ఆచారం. అలాంటి కత్తి తన ముందుకే వచ్చినా అందుకోని సేనాని ఒకడున్నాడు. ఆయన పేరు రోషాంబో. ఫ్రాన్సు దేశస్థుడు.

అమెరికాలోని 13 వలస రాష్ట్రాలు ఇంగ్లండు రాజును ఎదిరించి, 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. వారి సేనాధిపతి జార్జి వాషింగ్టన్. ఆయన సైనికులకు ధైర్యం ఉన్నది గాని, సరిగా జీతాలు లేవు, బట్టలు లేవు. ఇంగ్లండుకు పాతశత్రువైన ఫ్రాన్సు 1778లో వారితో చేతులు కలిపింది. 1780 జూలైలో రోషాంబో సుమారు 5,500 మంది సైనికులతో న్యూపోర్టు రేవులో దిగాడు.

అప్పుడు రోషాంబోకు 55 ఏళ్లు, వాషింగ్టన్‌కు 48. కోటలు ముట్టడించటంలో రోషాంబో ఆరితేరినవాడు. అయినా, వాషింగ్టన్ చెప్పినట్టు నడుచుకోమని ఫ్రాన్సు రాజు 16వ లూయీ ఆయనను ఆజ్ఞాపించాడు. రోషాంబో దాన్ని చిన్నతనంగా భావించలేదు.

అలాగని ఆయన తానా అంటే తందానా అన్నాడనుకునేరు! న్యూయార్కు నగరాన్ని పట్టాలని వాషింగ్టన్ పట్టుదల. దక్షిణాన చెసపీక్ అఖాతం దగ్గర దెబ్బ తీయటం మేలని రోషాంబో ఆలోచన. ఫ్రెంచి నౌకాసేనాని ద గ్రాస్‌కు ఆ సంగతే రాశాడు. ద గ్రాస్ అక్కడికే వస్తున్నట్టు 1781 ఆగస్టులో కబురు అందగానే వాషింగ్టన్ కూడా సరే అన్నాడు.

రెండు సైన్యాలూ వందల మైళ్లు నడిచాయి. దారిలో, జీతాలు లేక గొణుగుతున్న అమెరికా సైనికుల కోసం రోషాంబో తన ఖజానాలోంచి రొక్కం అప్పిచ్చాడు. సెప్టెంబరు 5న ద గ్రాస్ ఇంగ్లీషు నౌకలను అడ్డగించాడు. యార్క్‌టౌన్‌లో ఉన్న కార్న్‌వాలీసు దొరకు సముద్రపు దారి మూసుకుపోయింది. నేలమీద ఫిరంగులు చుట్టుముట్టాయి. అక్టోబరు 19న ఆయన సైన్యం లొంగిపోయింది.

కార్న్‌వాలీసు జబ్బని చెప్పి రాలేదు. బదులుగా వచ్చిన ఒహారా నేరుగా రోషాంబో వైపు వెళ్లాడు. తిరుగుబాటుదారులకు లొంగటం నామోషీ అనుకున్నాడు కాబోలు! రోషాంబో ఆ కత్తి అందుకుని ఉంటే, గెలుపు ఫ్రాన్సుదేనని లోకం అనేది. ఆయన వాషింగ్టన్‌ను చూపించాడు. వాషింగ్టన్, వచ్చినవాడు ఉపసేనాని గనక, తన ఉపసేనాని బెంజమిన్ లింకన్‌ను చూపించాడు.

ఆ కార్న్‌వాలీసే 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1792లో టిప్పు సుల్తాన్‌ను ఓడించాడు.

1783లో ఇంగ్లండు అమెరికా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకున్నది. రోషాంబో అప్పటికే తన దేశం చేరాడు. చూశారా, పిల్లలూ! సాయం చేసేవాళ్లు చాలామంది ఉంటారు. సాయం చేసి, పేరు మాత్రం పక్కవాడికి వదిలేవాళ్లు అరుదు.