బావినీటి మట్టము, గుణము

తాండూరునకు చేరువనున్న బషీరాబాదు ప్రాంతమున భూమి క్రింద నాపరాతి పొరలు విస్తారముగా కలవు. ఇట్టి సున్నపురాతిలో నీరు బీటలయందును, పొరల సందులయందును మాత్రమే నిలుచును. అందువలననే ఒక బోరున నీరు పుష్కలముగా పడగా, ప్రక్క చేనిలోని బోరు ఎండిపోవుట కలదు. కొబ్బరికాయ పట్టి నీరు చూచినవానిని నిందించి ప్రయోజనము లేదు!

భూగర్భజల శాఖవారు పరిశీలన బోర్లలో ప్రతి నెల నీటిమట్టమును కొలుచుచున్నారు. వేసవి మట్టమునుండి వానల పిదప నీరు ఎంత పైకి వచ్చెనో చూచినచో, భూమిలో ఇంకినదెంతయో అంచనా కట్టవచ్చును.

నీటి గుణము మాట వేరు. సున్నపు నీటిలో పప్పు ఉడకదు, సబ్బు నురుగు రాదు. కనుక గృహిణి వెంటనే గుర్తించును. ఫ్లోరైడు, నైట్రేటులు కంటికిగాని నాలుకకుగాని తెలియవు. లీటరునకు ఫ్లోరైడు 1.5, నైట్రేటు 45 మిల్లీగ్రాములు మించరాదు. నైట్రేటు హెచ్చినచో పసిబిడ్డలకు ప్రాణాపాయము. అది ఎరువులనుండియు, పెంటకుప్పలనుండియు దిగును. కావున పెంటకుప్పను త్రాగునీటి బావికి దూరముగా వేసి, బావినీటిని ఏటేట పరీక్షకు పంపవలెను.