మందిరపు గదిలోని పాత కంప్యూటరు



మీ ఇంటిలో గాని, మీ ఊరి బడిలో గాని, మీ మందిరపు ఆఫీసు గదిలో గాని గుడ్డ కప్పుకొని కూర్చున్న పాత కంప్యూటరు ఒకటి ఉండే ఉంటుంది. మా సంఘములోనూ ఉన్నది. 2012లో యౌవనస్థులు చందాలు వేసుకొని కొన్నారు. మొదట్లో పిల్లలు దాని చుట్టూ ఈగల్లా మూగేవారు. పన్నెండేండ్లు గడిచేసరికి, మీట నొక్కి వెళ్లి టీ త్రాగి వచ్చినా తెరమీద చక్రము తిరుగుతూనే ఉండేది. "అయ్యగారూ, పాత సామాన్ల బండికి వేసేద్దామండి" అని సంఘ పెద్దలు ఎన్నోసార్లు అన్నారు.

వేయలేకపోవడానికి కారణమున్నది. 2016 వానాకాలములో మా బాప్తిస్మపు రిజిష్టరుకు, వివాహపు రిజిష్టరుకు చెదలు పట్టాయి. అంతకు మూడేండ్ల ముందే మా సండేస్కూలు టీచరమ్మ ఒకామె ప్రతి పుటకూ ఫోటో తీసి, పేర్లన్నీ టైపు చేసి ఆ కంప్యూటరులో దాచింది. ఆమె ఇప్పుడు ప్రభువునందు నిద్రించింది. చెదలు తిన్న పుటలకు ఆ పెట్టెలో ఉన్నదే మిగిలిన సాక్ష్యము.

2025 జూలైలో మా సంఘపు విధవరాలు ఒకామె వచ్చింది. భర్త చనిపోయిన తరువాత రావలసిన కుటుంబ పింఛనుకు 1991లో జరిగిన తమ వివాహపు రిజిష్టరు నకలు కావాలన్నారట. కంప్యూటరు తెరిచాను. నలభై నిమిషాలు తిరిగి, తెర నీలముగా మారి ఆగిపోయింది. ఆమె బెంచీమీద కూర్చొని చూస్తూనే ఉన్నది. "రేపు రామంటారా అయ్యగారూ?" అన్నది. ఏమి చెప్పను?

మొదటి తప్పు నాదే. "ర్యాము వేస్తే పరుగెడుతుంది" అని ఎవరో అంటే విని, పట్టణములోని దుకాణానికి వెళ్లాను. కంప్యూటరు మోడలు చీటీమీద వ్రాసి ఇచ్చాను. దుకాణదారుడు చూసి కూడా డీడీఆర్4 ముక్క ఇచ్చాడు. మాది డీడీఆర్3 రకము. రెండింటికీ అడుగున ఉండే గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని గాడిలో మరొకటి దిగదు. తిరిగి తీసుకువెళ్తే బిల్లు అడుగున అచ్చువేసిన మాట చూపించాడు: అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు. మళ్లీ డబ్బు పెట్టి సరియైన ముక్క కొన్నాను, 8 జీబీది. వేసినా నత్తనడకే!

ఎందుకో తరువాత తెలిసింది. మా కంప్యూటరులో ఉన్నది 32 బిట్ల విండోస్ 7. అటువంటి విండోస్ 4 జీబీకి మించి ర్యామును వాడుకోలేదు. అంటే నేను కొన్నదానిలో సగము ఊరకనే పడియున్నది. ఆ సంగతి అమ్మేటప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు గదా. అదిగాక, అసలు జబ్బు ర్యాములో లేనేలేదు. ర్యాము వ్రాసుకొనే బల్ల వంటిదయితే హార్డు డిస్కు బీరువా వంటిది. పాత రకపు డిస్కులో రేకు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటే ఒక సూది దానిమీద వెదకి వెదకి చదువుతుంది. పన్నెండేండ్లు తిరిగిన యంత్రము అరిగిపోదా? బీరువా తలుపు బిగుసుకుపోతే బల్ల పెద్దది చేసి ఏమి లాభము?

సరే, కంపెనీవారినే అడుగుదామని ఫోనులో కస్టమర్ కేర్ నంబరు వెదికాను. మొట్టమొదట కనబడిన నంబరుకు చేశాను. ఎంత మర్యాదగా మాట్లాడాడో! ఫోనులో ఒక యాప్ వేసుకోమన్నాడు, రిజిస్ట్రేషనుకు పది రూపాయలు కార్డుమీద కట్టమన్నాడు. నేను కార్డు తీయబోతుండగా వంటింట్లోనుండి మా ఆవిడ, "కంప్యూటరు బాగుచేసేవాడికి మన బ్యాంకు కార్డు నంబరెందుకండీ?" అన్నది. ఫోను పెట్టేశాను. డిప్లొమా చదివినది నేను, తెలివి ఆమెది. అటువంటి యాప్ వేసుకొంటే మన ఫోను తెర అవతలివానికి కనబడుతుంది, బ్యాంకు పంపే ఓటీపీ కూడా కనబడుతుంది. నిజమైన నంబరు బిల్లుమీదనో, పెట్టె వెనుక అంటించిన చీటీమీదనో ఉంటుంది. ఎవరైనా మోసపోయి డబ్బు పోగొట్టుకొంటే ఆలస్యము చేయక 1930కి ఫోను చేయాలి. అది సైబరు మోసాలకు ప్రభుత్వము పెట్టిన నంబరు. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశము అంత ఎక్కువ.

చీటీమీద ఉన్న అసలు నంబరుకు చేస్తే 1 నొక్కమన్నారు, 3 నొక్కమన్నారు, సంగీతము వినిపించారు. ఇరవై మూడు నిమిషాల తరువాత ఒక అమ్మాయి వచ్చి, వారంటీ ముగిసింది, సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లండి అన్నది. నేను ఏమి అడిగినా అదే మాట. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. ఎదుట ఉన్న కాగితములోనిదే ఆమె చదువుతున్నది. ఆ కాగితము వ్రాసినవారు ఎన్నడూ ఫోను దగ్గర కూర్చోరు, అదే బాధ.

గోనె సంచిలో సీపీయూ పెట్టుకొని, బస్సులో ఒడిలో పసిబిడ్డలా పట్టుకొని ముప్పై కిలోమీటర్లు వెళ్లాను. సర్వీసు సెంటరు కుర్రవాడు మూత విప్పకుండానే, "ఫార్మాట్ కొట్టి విండోస్ 11 వేసేద్దాం సార్" అన్నాడు. లోపల మా రిజిష్టర్లు ఉన్నాయన్నాను. "డేటాకు మా బాధ్యత లేదండి" అని చీటీ వెనుక చిన్న అక్షరాలు చూపించాడు. ఫార్మాట్ అంటే బీరువా ఖాళీ చేయడమే. అది చేయవద్దని వ్రాయించి వదలివచ్చాను. పందొమ్మిది రోజులు, తొమ్మిది ఫోన్లు. చివరకు వెళ్లి తెచ్చుకొంటే మూత మరల మీద దుమ్ము కూడా చెదరలేదు. మరొక మాట. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, దాదాపు 2018 తరువాత వచ్చిన ప్రాసెసరు ఉండాలి. 2012 నాటి మా యంత్రమునకు అది అర్హమే కాదు. ఆ సంగతి ఆ కుర్రవానికి తెలియదో, చెప్పలేదో!

ఇంతలో దసరా సెలవులకు మా సంఘపు అబ్బాయి ఒకడు హైదరాబాదునుండి ఇంటికి వస్తున్నాడని తెలిసి ఫోను చేశాను. "అయ్యగారూ, నేను వచ్చేదాకా దాన్ని ఆన్ చేయకండి" అన్నాడు. సికింద్రాబాదు పార్కు లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక ఎస్ఎస్‌డీ కొని తెచ్చాడు. అది తిరిగే భాగాలు లేని డిస్కు, అరచేతిలో పట్టేంత. అయితే వచ్చీ రాగానే దానిని బిగించలేదు. మొదట పాత డిస్కును ఊడదీసి, ఒక తీగతో తన ల్యాప్‌టాపుకు తగిలించి, రిజిష్టర్లు రెండు పెన్ డ్రైవులలోకి ఎక్కించాడు. సగము దాటాక డిస్కు కటకటమన్నది. రాత్రి రెండింటివరకు ఇద్దరమూ మేలుకొని కూర్చున్నాము. ఆ తరువాతనే కొత్త డిస్కు వేసి, దానిలో 64 బిట్ల విండోస్ 10 పెట్టాడు. అరనిమిషములో తెర వెలిగింది! మా ర్యాము ఎనిమిది జీబీలూ అప్పుడు పనికివచ్చాయి. విండోస్ 10కు కూడా మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి గనుక ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్టు తగిలించము, దానిమీద బ్యాంకు పని చేయము.

టీచరమ్మ టైపు చేసిన పేర్లు తెరిస్తే మాత్రము గుండె ఝల్లుమన్నది. అన్నీ గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు! ఆమె వాడినది అను ఫాంటు. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానములో తెలుగు రూపాలు కూర్చినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు అది తెలుగని తెలియదు. యూనికోడ్ అలా కాదు, తెలుగు అక్షరాలకే సొంత స్థానాలున్నాయి. అబ్బాయి ఫాంటు వేయగానే పేర్లు తిరిగి కనబడ్డాయి. ఇప్పుడు వాటిని యూనికోడ్‌లోకి మార్చుకొంటున్నాము. మార్చినప్పుడు ఒత్తులు అక్కడక్కడ చెదురుతున్నాయి, అందుచేత ఫోటో ప్రక్కన పెట్టుకొని పేరు పేరు సరిచూడవలసి వస్తున్నది. మీ సంఘ చరిత్రయో, పాటల పుస్తకమో పాత ఫాంటులో ఉంటే, కంప్యూటరు మార్చకముందే ఆ పని చేసుకోండి.

దుకాణదారుని సంగతి చెప్పలేదు గదా. 2020 జూలై నుండి అమలులోనున్న వినియోగదారుల రక్షణ చట్టము (2019) ప్రకారము, లోపమున్న వస్తువును బిల్లులో వ్రాసిన గడువులోపల, గడువు వ్రాయనిచో ముప్పై రోజులలోపల, తిరిగి తీసుకొని డబ్బు ఇవ్వననడము అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడము కూడా అంతే. జిల్లా కమిషనులో మనము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును, ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. నేను అంతదూరము పోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పాను. బిల్లు, మోడలు వ్రాసి ఇచ్చిన చీటీ, తేదీలు నా దగ్గర ఉన్నాయి. కొన్నాళ్లకు దుకాణదారుడే ఫోను చేసి, "పాస్టరు గారూ, దానికోసం ఇంతదూరం పోవాలా?" అని డబ్బు ఇచ్చేశాడు. నేను ఆ దుకాణానికి నాలుగుసార్లు బస్సు ఎక్కి పోయానని ఆయనకు గుర్తులేదు.

1991 నాటి పుట స్పష్టముగా వచ్చింది. నకలు తీసి, సంతకము, ముద్ర వేసి ఆమె చేతికిచ్చాను. ఆమె కాగితము చదువలేదు. భర్త చేవ్రాలు ఎక్కడ ఉన్నదో చూపించమని, దానిమీద వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడింది.

డిస్కు కటకటమన్న చోట రెండు పుటలు మాత్రము రాలేదు. అవి 1987 నాటి బాప్తిస్మాలు. ఆ యేడు బాప్తిస్మము పొందినవారిలో పదకొండుగురు ఇంకా మా ఊరిలో ఉన్నారు. సాయంత్రాలు నోటుబుక్కు తీసుకొని వారి ఇండ్లకు వెళ్తున్నాను. ఇప్పటికి ఏడుగురి పేర్లు, తేదీలు వ్రాసుకొన్నాను.