ఆసుపత్రి కంప్యూటర్లలో షేర్డ్ ఫోల్డరు: తాళం ఎవరి చేతిలో ఉండాలి?

లేబరేటరీలో టైపు చేసిన రక్త పరీక్ష రిపోర్టు రెండు నిమిషాలలో డాక్టరు గారి బల్లమీది కంప్యూటరులో కనబడుతుంది. రోగి కాగితం పట్టుకొని ఎండలో అటూ ఇటూ తిరగనవసరం లేదు. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. ఓపీ కౌంటరు, లేబు, మందుల గది, బిల్లింగు కంప్యూటర్లను కేబుళ్ళతో ఒక స్విచ్ పెట్టెకు కలిపితే చాలు. దీనినే లాన్ అంటారు. ఒక కంప్యూటరులోని ఫోల్డరును మిగిలిన కంప్యూటర్లు తెరిచేలా చేయడమే ‘షేరింగ్’.

షేరింగ్‌లో ముఖ్యంగా రెండు అనుమతులు ఉంటాయి. ఒకటి చదవడానికి, రెండవది మార్చడానికి. డాక్టరు గారు రిపోర్టు చదివితే చాలు, మార్చవలసిన పని లేదు. మార్చే అనుమతి లేబు వారికే ఉండాలి. కానీ చాలాచోట్ల తొందరలో ‘ఎవ్రీవన్’ అనే పేరుకు పూర్తి అనుమతి ఇచ్చి వదిలేస్తారు. అప్పుడు బిల్లింగు గదిలో ఎవరైనా పొరపాటున ఒక మీట నొక్కినా రోగి బ్లడ్ గ్రూపు మారిపోవచ్చు. నెట్‌వర్కు ద్వారా చెరిపేసిన ఫైలు సాధారణంగా రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళదు. అలాగే పోతుంది.

రెండవ ప్రమాదం రహస్యం బయటపడడం. మన ఊళ్ళలో ఒకరి సంగతి మరొకరికి చేరడానికి ఎంతసేపు? క్షయ, హెచ్.ఐ.వి. రిపోర్టులు అందరూ తెరవగల ఫోల్డరులో ఉంటే ఆ కుటుంబం తలెత్తుకోలేక మందులు మానేసే పరిస్థితి వస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలను భద్రపరచాలని 2017 నాటి చట్టం స్పష్టంగా చెబుతున్నది.

మూడవది వైరస్. 2017 మే 12న ‘వన్నాక్రై’ అనే వైరస్ లోకమంతా వ్యాపించింది. విండోస్‌లో ఫైళ్ళు పంచుకొనే పాత పద్ధతిలోని లోపమే దానికి దారి. ఒక కంప్యూటరులో చేరి, ఎవరూ ఏదీ నొక్కకుండానే పక్క కంప్యూటరుకు పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఇంగ్లండులో కనీసం 80 ప్రభుత్వ ఆసుపత్రి ట్రస్టుల పనికి ఆటంకం కలిగింది. కొన్ని ఆసుపత్రులు అంబులెన్సులను వేరే చోటికి పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో కూడా చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలో కొన్ని పోలీసు కంప్యూటర్లకు ఇది సోకింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. అది వేసుకున్న కంప్యూటర్లకు ఈ దారిన ప్రమాదం రాలేదు.

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు చాలా రోజులు చీటీలు చేతితోనే వ్రాశారు. నెట్‌వర్కును సరిగా విభాగాలుగా విడదీయకపోవడం ఒక కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

కడియం నర్సరీ రైతులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. బయటనుండి తెచ్చిన మొక్కకు తెగులు ఉంటే దానిని మడి మధ్యలో పెట్టరు. కొన్నాళ్ళు విడిగా ఉంచి చూస్తారు. కంప్యూటర్లకూ అదే జాగ్రత్త.

ఆసుపత్రులకు, క్లినిక్కులకు, లేబులకు మేము సూచించేవి:

1. ప్రతి ఉద్యోగికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు ఉండాలి. ఉద్యోగం మానిన రోజునే దానిని తీసివేయాలి.

2. ఫోల్డరు మొత్తం డ్రైవుగా కాక, విభాగాల వారీగా షేర్ చేయాలి. చదివితే చాలినవారికి మార్చే అనుమతి ఇవ్వరాదు.

3. పాత ఎస్.ఎం.బి. 1 పద్ధతిని ఆపివేయాలి. అప్‌డేట్లు వాయిదా వేయరాదు. విండోస్ 7కు 2020లో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మామూలు మద్దతు ముగిసిందని గమనించగలరు.

4. రోగుల బంధువులు వాడే వైఫై వేరుగా ఉండాలి.

5. రోజూ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ తీసి, తీసిన వెంటనే డిస్కును విడదీయాలి. తగిలించి ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది. నెలకు ఒకసారి ఆ కాపీ తెరుచుకుంటున్నదో లేదో చూడాలి.

6. అనుమానం కలిగితే ముందుగా నెట్‌వర్కు కేబులు పీకి, తరువాత తెలిసినవారికి కబురు చేయాలి.

7. అచ్చు చీటీలు, కార్బన్ పుస్తకాలు ఒక బీరువాలో సిద్ధంగా ఉంచాలి. కరెంటు పోయిన రోజున కూడా అవే ఆదుకుంటాయి.

వీటిలో ఎక్కువ భాగానికి డబ్బు ఖర్చు లేదు. ఈ వారమే ఒక గంట తీరిక చేసుకొని, మీ షేర్డ్ ఫోల్డరును ఎవరెవరు తెరవగలరో, ఎవరెవరు మార్చగలరో కాగితం మీద వ్రాయండి. అక్కరలేని పేరు కనబడితే వెంటనే తీసివేయండి.