గూట్లో మిగిలిన బిళ్లలు



మన పల్లెల్లో చాలా ఇళ్ల గూళ్లలో ఒక రేకు డబ్బా ఉంటుంది. ఎప్పుడో జ్వరానికి తెచ్చి, మింగక మిగిల్చిన బిళ్లలు అందులో దాస్తాం. మా ఇంట్లోనూ ఉండేది. ఒకసారి రొంపతో వచ్చిన సంఘ సహోదరునికి అందులోని టెట్రాసైక్లిన్ బిళ్లలు రెండు నేనే ఇచ్చి పంపాను. మేలు చేశాననుకున్నాను. చేసింది తప్పని తరువాత తెలిసింది.

ఆ జాతి మందుల్లో మొదటిది ఒక తెలుగువాని ఆధ్వర్యంలోనే వెలుగు చూసింది. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆయన మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

అప్పటికి పెనిసిలిన్ వచ్చింది గాని, దానికి లొంగని సూక్ష్మజీవులు అనేకం ఉండేవి. అందుకని సుబ్బారావు గారి బృందం ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి పరీక్షించింది. అందులో డెబ్బై ఏళ్లు దాటిన డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం మట్టిలో బంగారు వన్నె గల సూక్ష్మజీవిని కనుగొన్నాడు. దాని నుండి తీసిన ఆరియోమైసిన్‌ను 1948లో లోకానికి ప్రకటించారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు 53వ ఏట కన్నుమూశారు. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు ప్రజలకు పంచినది ఈ జాతికి చెందిన టెట్రాసైక్లిన్ మందే.

నేడు దీనికీ లొంగని సూక్ష్మజీవులు ఎన్నో ఉన్నాయి. మందు తగిలినప్పుడు బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. అవసరం లేనిచోట వాడినకొద్దీ ఇలాంటివి ఎక్కువవుతాయి. సాధారణంగా రొంపను తెచ్చేది వైరస్. యాంటీబయాటిక్ దాన్ని చంపలేదు. కోళ్ల మేతలోనూ ఈ మందులు కలిపారు. మొండి జబ్బులకు చివరి ఆయుధమైన కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, చేపల, రొయ్యల చెరువులకు వాడరాదని 2019లో మన దేశం నిషేధించింది.

"జొరం తగ్గిపోనాది అయ్యగారూ, ఇంకా బిళ్లలెందుకు?" అని మనవారు అడుగుతారు. నయమాను యొర్దానులో చెప్పినన్ని మార్లు మునిగాడు గాని, తనకు తోచినన్ని మార్లు కాదు. మనమూ డాక్టరు రాసిన మందు, రాసినన్ని రోజులు వాడుదాం. రొంపకు యాంటీబయాటిక్ ఇమ్మని ఆర్.ఎం.పి.ని గాని, మందుల షాపును గాని బలవంతం చేయవద్దు. మిగిలినవి పొరుగువారికి ఇవ్వవద్దు. మా గూట్లో ఇప్పుడు ఆ డబ్బా లేదు. మీ గూట్లో ఉందేమో, ఈ రోజే చూడండి.