చివరి మడికి నీళ్ళు

"ఏమి సార్, ఎవరన్నా తరుముకొస్తుండారా?"

తెల్లవారుజామున అయిదు గంటలకు కర్నూలులో కె.సి. కాలువ గట్టు మీద పరుగెత్తుతుంటే, ఒక పాలవాడు మోటారుసైకిలు ఆపి నన్నడిగిన ప్రశ్న ఇది. ఎవరూ తరమడం లేదన్నాను. "మరి యాడికి?" అన్నాడు. "ఎక్కడికీ లేదు, తిరిగి ఇంటికే" అన్నాను. అతడు నన్ను ఆపాదమస్తకం చూచి, "జాగ్రత్త సార్" అని జాలిగా చెప్పి వెళ్ళిపోయాడు.

అతడి జాలిలో తప్పేమీ లేదు. నా వయస్సు అప్పటికి నలభై ఏడు. చేసేది బ్యాంకు ఉద్యోగం, అంటే కుర్చీ ఉద్యోగం. కూరలు తెమ్మంటే వీధి చివరికి కూడా స్కూటరు తీసే మనిషినని మా ఆవిడ నలుగురిలో చెబుతూ ఉంటుంది. అది అబద్ధం కాదు. 2021లో ఒక డాక్టరుగారు నా రక్తపరీక్ష కాగితం చూచి, "చక్కెర జబ్బు గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉన్నది. లోపలికి రమ్మంటారా, పొమ్మంటారా?" అన్నారు. ఆ మరునాటి నుంచి నడక మొదలుపెట్టాను. నడక మెల్లగా పరుగైంది. 2022లో పది కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తి వచ్చి, ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పుకొన్నాను.

ఆ గొప్పలే నా కొంప ముంచాయి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి 2023 సంక్రాంతి పండుగకు వచ్చి, "నాన్నా, ఆగస్టు ఆఖరి ఆదివారం హైదరాబాదు మారథాన్. నీ పేరు ఇస్తాను. డాక్టరుగారు సరేనంటేనే సుమా" అన్నది. డాక్టరుగారు గుండె పరీక్ష చేయించి సరేనన్నారు. నాకిక తప్పించుకొనే దారి లేకపోయింది.

ఈ సంగతి విని అందరికంటె ఎక్కువ ప్రశ్నలు వేసినవాడు మా నాయన. ఆయనకు ఎనభై ఒకటి దాటింది. కడప దగ్గర రెండెకరాల సేద్యం విడిచిపెట్టి, ఇప్పుడు కర్నూలులో మా దగ్గరే ఉంటున్నాడు.

"ఎంత దూరమురా?"

"ఇరవై ఆరు మైళ్ళ మూడువందల ఎనభై అయిదు గజాలు. అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు."

"మైళ్ళు సరే. ఆ గజాలెందుకు?"

మా నాయన ప్రశ్న చిన్నదే గాని, జవాబు లండనులో ఉన్నది. 1896లో ఏథెన్సులో మొదటి ఆధునిక ఒలింపిక్సు జరిగినప్పుడు ఈ పందెం దూరం సుమారు నలభై కిలోమీటర్లు మాత్రమే. పూర్వం మారథాన్ యుద్ధభూమి నుంచి ఏథెన్సుకు ఒక వార్తాహరుడు విజయవార్త మోసుకొని పరుగెత్తి, చెప్పిన వెంటనే ప్రాణం విడిచాడని ఒక గాథ ఉన్నది. దాని జ్ఞాపకార్థమే ఈ పందెం పెట్టారు. 1908లో లండను ఒలింపిక్సు జరిగినప్పుడు విండ్సరు కోట దగ్గర బయలుదేరి, క్రీడాస్థలంలో రాజకుటుంబం కూర్చొనే ఆసనాల ముందు ముగిసేటట్టు దారి గీస్తే, లెక్క ఇరవై ఆరు మైళ్ళ 385 గజాలకు తేలింది. 1921లో ఆ కొలతనే ప్రపంచమంతటికీ ఖాయం చేశారు. కోటలోని దొరల సౌకర్యానికి వచ్చిన ఆ గజాల కోసం నేటికీ లోకమంతా ఆయాసపడుతున్నది.

"మొదట గెలిచినోడు ఎవడు?" అన్నాడు నాయన.

"స్పిరిడాన్ లూయిస్ అని గ్రీసు దేశస్థుడు. నీళ్ళు మోసి అమ్ముకొనేవాడట."

మా నాయన ముఖం వికసించింది. "నీళ్ళ విలువ తెలిసినోడు గెలవక ఇంకెవడు గెలుస్తాడు?" అన్నాడు.

మా నాయన నోట నీళ్ళ మాట ఊరికే రాదు. కర్నూలు, కడప పట్టణాలను కలిపే ఈ కె.సి. కాలువను 1860 ప్రాంతాలలో మద్రాసు నీటిపారుదల కంపెనీ తవ్వించింది. సేద్యంతోపాటు పడవల ప్రయాణానికి కూడా పనికివస్తుందనుకొన్నారు. కంపెనీకి నష్టాలే మిగిలాయి. 1882లో ప్రభుత్వం దానిని కొనవలసివచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి, కాలువ మూడువందల కిలోమీటర్ల పొడవున కడప దాకా పోతుంది. తల దగ్గర ఉన్నవాడికి నీళ్ళు కంటి ఎదుటే ఉంటాయి. తోక దగ్గర ఉన్నవాడికి ఆశ మాత్రమే ఉంటుంది. మా రెండెకరాలు తోక దగ్గర ఉన్నవి.

ఇక్కడ నేనొక సంగతి చెప్పాలి. 1988లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, మా వరి పొట్ట మీద ఉన్నది. చాలా రోజుల తరువాత మా వంతు నీళ్ళు ఒక రాత్రి వచ్చినవి. నాయనకు జ్వరం. తూము దగ్గర కాపలా ఉండమని లాంతరు ఇచ్చి నన్ను పంపాడు. మొదటి మడి నిండగానే నాకు సంబరం కలిగింది. పని అయిపోయినట్లే అనిపించి గట్టు మీద తల వాల్చాను. మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. ఎవరో పైన తూము మూసుకొన్నారు. చివరి మడులు ఎండినవి ఎండినట్లే ఉన్నవి. ఆ ఏడు వాటిలో గడ్డి తప్ప గింజ రాలేదు. మా నాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆనాడే మరిచిపోయేవాడిని.

ఇన్నేళ్ళ తరువాత ఆయన నాకు పరుగు విషయంలో ఇచ్చిన సలహా ఒకటే: "మొదటి మడి నిండిందని సంబరపడొద్దు. చివరి మడికి నీళ్ళు దాచుకో."

చిత్రమేమిటంటే, పరుగు శాస్త్రం చెప్పేది కూడా ఇదే. మనం తిన్న అన్నం, సంగటి మొదలైనవాటి నుంచి వచ్చే పిండిపదార్థంలో కొంత కండరాలలోను, కాలేయంలోను నిలవ ఉంటుంది. ఎంత తిన్నా ఆ నిలవకు ఒక హద్దు ఉన్నది. వేగంగా పోతే అది ముప్పై కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. అప్పుడు కాళ్ళు సీసపు దిమ్మెలవుతాయి. పరుగెత్తేవాళ్ళు దీనిని గోడకు గుద్దుకోవడం అంటారు. మెల్లగా పోయేవాడి శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకొని, ఆ నిలవను పొదుపు చేస్తుంది. కనుక మొదట ఓపిక పట్టినవాడికే చివర ఓపిక మిగులుతుంది.

సరే, సాధన మొదలైంది. వారానికి నాలుగు రోజులు పరుగు. అందులో ఆదివారం మాత్రం దూరపు పరుగు. కొండారెడ్డి బురుజు దగ్గర బయలుదేరి కాలువ గట్టెక్కేవాడిని. ఒక ఆదివారం పన్నెండు కిలోమీటర్లయితే తరువాతి ఆదివారం పదమూడు, అంతకుమించి తొందరపడకూడదు. మూడు వారాలు పెంచితే, నాలుగో వారం తగ్గించాలి. ఏప్రిల్, మే నెలల్లో మా కర్నూలు ఎండలు చెప్పనవసరం లేదు. ఏడు గంటలకే రాళ్ళు కాగుతాయి. అందుకని మూడున్నరకే లేచేవాడిని. మా ఆవిడ నా కంటె ముందు లేచి రాగి జావ కాచి, "ఈ శ్రద్ధ ఆ సంచి మోయడంలో కూడా ఉంటే ఎంత బాగుండును" అనేది. తిరిగి వచ్చాక ఉగ్గాని, బజ్జీలు పెట్టేది. ఆ ఉగ్గాని కోసమే ఆఖరి రెండు కిలోమీటర్లు పరుగెత్తిన రోజులున్నవి.

జూన్‌లో మోకాలు పట్టింది. పది రోజులు కూర్చున్నాను. అరిగిపోయిన బూట్లను పొదుపు పేరుతో వాడడమే కారణమని తెలిసింది. అన్నిట్లో పొదుపు పనికిరాదని అప్పుడు గ్రహించి కొత్తవి కొన్నాను. ఆగస్టు మొదటి వారంలో ఒక్కసారి ముప్పై రెండు కిలోమీటర్లు పోయాను. ఆ తరువాత మూడు వారాలు క్రమంగా తగ్గించాలి. పందెానికి ముందు కాళ్ళకు విశ్రాంతి ఇవ్వడం కూడా సాధనలో భాగమే.

ఆగస్టు 26న మా ఆవిడా నేనూ రైలెక్కి కాచిగూడలో దిగాము. మరునాడు ఇంకా చీకటి ఉండగానే నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజాకు చేరాము. అంత ఉదయాన అంతమంది మేలుకొని ఉండడం నేను తిరునాళ్ళలో తప్ప చూడలేదు. కాలేజీ కుర్రవాళ్ళు, నా ఈడు గుమాస్తాలు, చీర మీద బూట్లు తొడుక్కొన్న ఒక పెద్దావిడ, అందరి రొమ్ముల మీద నంబరు కాగితాలు. స్త్రీలను చూచి మా ఆవిడ ముచ్చటపడింది. ఒలింపిక్సులో ఆడవాళ్ళకు మారథాన్ పెట్టింది 1984లో మాత్రమేనని చెబితే, "అప్పటిదాకా వాళ్ళు ఇళ్ళలో పరుగెత్తుతూనే ఉన్నారులెండి" అన్నది.

బయలుదేరగానే నా చుట్టూ ఉన్నవాళ్ళంతా బాణాల్లా దూసుకుపోయారు. నాకూ కాళ్ళు ఉరకలు వేసినవి. మొదటి మడి గుర్తుకు వచ్చింది. పళ్ళు బిగబట్టి, కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల నడకలాంటి పరుగులోనే ఉన్నాను. ఒక కుర్రవాడు, "అంకుల్, దారి ఇవ్వండి" అంటూ దాటిపోయాడు. ఇచ్చాను.

హైదరాబాదు మారథాన్‌కు మెట్ట దారి అని పేరు. వంతెన ఎక్కి దిగడం, మళ్ళీ ఇంకో వంతెన. పంజాగుట్ట దాటి కె.బి.ఆర్. పార్కు వైపు, జూబిలీ హిల్స్ వైపు పోతుంటే ఎత్తులకు అంతు ఉండదు. కాలువ గట్టు చదునుగా ఉంటుంది గదా. ఆ లోటు నాకక్కడ తెలిసింది. ఎత్తు వచ్చినచోటల్లా అడుగులు చిన్నవి చేసి, మరీ ఎత్తయితే నడిచాను. 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన మీదికి వచ్చేసరికి బాగా తెల్లవారింది. కింద చెరువు, పైన మబ్బు. అంత అందమైన చోట ఫొటో తీసుకొనేవాళ్ళను చూచి ఆగుదామనిపించింది. ఆగితే మళ్ళీ కదలనని భయపడి పోయాను.

మబ్బు పట్టిన ఆ చల్లదనమే నన్ను మోసం చేసింది. మా సీమ ఎండలో చెమట పట్టగానే ఆరిపోతుంది. ఆరేటప్పుడు ఒంటిని చల్లబరుస్తుంది. ఆగస్టు నెల హైదరాబాదులో గాలి తేమగా ఉండి చెమట ఆరదు. వానాకాలంలో మట్టికుండలో నీళ్ళు చల్లబడనట్లే ఇది కూడా. బనీను పిండితే నీళ్ళు కారేటట్లున్నది. దాహానికి కనిపించిన చోటల్లా తాగబోయి మానుకొన్నాను. నీళ్ళు అతిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు. నీళ్ళు ఎక్కువైనా పైరు కుళ్ళుతుందని మా నాయన కూడా అన్నాడు. నాలుగు గుక్కలు, కాస్త ఉప్పు, జేబులో మా ఆవిడ కట్టి ఇచ్చిన బెల్లం ముక్క. అలా లాగించాను.

ముప్పై మూడో కిలోమీటరు దగ్గర, ఆ పెద్ద పెద్ద అద్దాల మేడల మధ్య, నా గోడ వచ్చింది. తొడ కండరం మెలితిరిగి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఒక స్వచ్ఛంద సేవకుడు పరుగెత్తి వచ్చి, "సార్, బండి ఎక్కుతారా?" అని అడిగాడు. చదువరులారా, నిజం చెబుతున్నాను, ఎక్కాలనే అనిపించింది. ముప్పై మూడు కిలోమీటర్లు పరుగెత్తాను, ఇది చాలదా? ఎవరు అడుగుతారు? గట్టు మీద తల వాల్చినప్పుడు కూడా నాకు సరిగ్గా ఇలాగే అనిపించింది.

గట్టు అనుకోగానే లేచాను. ఆ అబ్బాయి కాలు పట్టి సాగదీశాడు. నొప్పి వదిలింది, కళ్ళు తిరగడం లేదు. నెమ్మదిగా కదిలాను. రెండు దీపస్తంభాల దూరం పరుగు, ఒక స్తంభం దూరం నడక. మన దేశపు శివనాథ్ సింగ్ ఉత్త కాళ్ళతో పరుగెత్తేవాడనీ, 1978లో జలంధరులో రెండు గంటల పన్నెండు నిమిషాలలో మారథాన్ ముగించాడనీ ఎక్కడో చదివాను. ఆయన ఇంటికి చేరి, అన్నం తిని, ఒక కునుకు తీసే సమయానికి నేనింకా స్తంభాలు లెక్కపెడుతున్నాను. అయితేనేం? ఒకచోట, "అంకుల్, దారి ఇవ్వండి" అన్న కుర్రవాడు నడుం పట్టుకొని నడుస్తూ కనిపించాడు. మిగిలిన బెల్లం ముక్కలో సగం అతడికిచ్చాను. ఇద్దరం కలిసి కదిలాము.

గచ్చిబౌలి స్టేడియంలోకి అడుగుపెట్టేసరికి అయిదు గంటల నలభై ఒక్క నిమిషాలైంది. మా అమ్మాయి కేకలు వేస్తున్నది. మా ఆవిడ కళ్ళు తుడుచుకొంటూ, "ఇక కూరల సంచికి స్కూటరు తీస్తే చూడండి!" అన్నది.

సోమవారం కర్నూలు చేరాము. మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసివచ్చినా, ముఖం మాత్రం పెళ్ళికొడుకులా పెట్టుకొని వెళ్ళి పతకం నాయన చేతిలో పెట్టాను. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి, తూకం చూచి, "వెండి కాదు గదా?" అన్నాడు. కాదన్నాను.

"చివరిదాకా పారినాయా?"

"పారినాయి నాయనా."

కొంతసేపు మాట్లాడలేదు. తరువాత పతకాన్ని తన దిండు కింద పెట్టుకొని, గోడ వైపు తిరిగి పడుకొంటూ అన్నాడు:

"ఈసారి నిద్రపోలేదన్న మాట."

ముప్పై అయిదేళ్ళలో ఆ రాత్రి గురించి ఆయన ఎత్తిన మొదటి మాట అది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నవ్వుతున్నాడు.