తీగ వెంట వచ్చే తెగులు

స్ట్రాబెర్రీ రైతుకు విత్తనంతో పెద్దగా పనుండదు. తల్లి మొక్క నేల మీద సన్నని తీగలు సాచుతుంది. కణుపు మట్టికి తగిలిన చోట వేరు దిగి పిల్ల మొక్క లేస్తుంది. నర్సరీలవాళ్లు దాన్ని వేరుచేసి అమ్ముతారు. తల్లి రుచే, తల్లి రంగే! తల్లి ఒంట్లో వైరస్ ఉంటే అదీ వస్తుంది. పేనుబంక మోసే స్ట్రాబెర్రీ వైరస్‌లు మామూలుగా విత్తనంలోకి వెళ్లవు. విత్తనాన్ని వదిలి తీగను నమ్ముకోవడంతో ఆ వడపోత పోయింది.

2012-13లో ఇది అమెరికాలోని ఫ్లోరిడా రైతులకు అనుభవంలోకి వచ్చింది. వాళ్ల శీతాకాలపు పంటకు మొక్కలు చాలావరకు ఉత్తరాది నర్సరీల నుంచి, కెనడా నుంచి వస్తాయి. ఆ సీజన్‌లో కెనడాలోని నోవా స్కోషియా నుంచి వచ్చిన మొక్కలు కొన్ని గిడసబారాయి, ముదురాకులు ఎర్రబారాయి. పరీక్షిస్తే రెండు వైరస్‌లు దొరికాయి: స్ట్రాబెర్రీ మాటిల్, స్ట్రాబెర్రీ మైల్డ్ ఎల్లో ఎడ్జ్.

తిరకాసంతా ఆ ‘రెండు’లోనే ఉంది. వీటిలో ఏ ఒక్కటి సోకినా చాలా వాణిజ్య రకాలు పైకి ఏమీ తెలియనివ్వవు. రెండోది తోడైతేనే మొక్క చతికిలబడుతుంది. అంతవరకూ తల్లి మొక్క పచ్చగా నవనవలాడుతూ తీగలు సాచుతూనే ఉంటుంది. నన్నడిగితే రోగం బయటపెట్టే మొక్కే నయం, పీకి పారేయొచ్చు.

స్ట్రాబెర్రీ మీద బతికే పేనుబంక మాటిల్ వైరస్‌ను నిమిషాల్లో ఎక్కించుకుంటుంది, కొన్ని గంటల్లో పోగొట్టుకుంటుంది. పురుగుమందుతో దీన్ని ఆపడం కష్టం. పురుగు చచ్చేలోపే అంటించే పని అయిపోతుంది. క్రింకిల్ అనే మరో వైరస్ తీరు వేరు. అది పేనుబంక ఒంట్లోనే వృద్ధి చెందుతుంది కాబట్టి ఒకసారి ఎక్కితే ఆ పురుగు బతికినంత కాలం అంటిస్తూనే ఉంటుంది.

దాగిన వైరస్‌ను పట్టుకోవడానికి ఓ పాత పద్ధతి ఉంది. అనుమానమున్న మొక్క ఆకును అడవి స్ట్రాబెర్రీకి అంటుకడతారు. వైరస్ ఉంటే అడవి మొక్క ఆకులు మచ్చలుపడో ముడుచుకుపోయో దాన్ని బయటపెట్టేస్తాయి. ఇప్పుడు జన్యు పరీక్షలూ వచ్చాయి.

పొలంలో సోకిన మొక్కకు మందు లేదు. మేలైన రకాన్ని దక్కించుకోవాలంటే మొక్కను సుమారు 37 డిగ్రీల వేడిలో కొన్ని వారాలుంచి, చిగురు కొసన అర మిల్లీమీటరు ముక్క తీసి టిష్యూ కల్చర్‌లో పెంచాలి. ఆ కొసలో ఆహారం మోసే నాళాలు ఇంకా ఏర్పడవు, వైరస్ అక్కడికి చేరడం అరుదు. అలా పుట్టిన తల్లి మొక్కను పురుగు దూరని వలగదిలో ఉంచుతారు. దాని పిల్లలను ఆరుబయట నాటితే పేనుబంక మళ్లీ వాలుతుంది. అందుకే ధ్రువీకరణ పథకాలు ఒక్కో తల్లి నుంచి పొలంలో ఎన్ని తరాలు తీయవచ్చో హద్దు పెడతాయి.