కామెర్ల వార్డుకూ కాలువ బడ్జెట్టుకూ లంకె

జూన్ చివర్లో నాలుగు వానలు గట్టిగా పడ్డాయంటే, ఆ తరవాత మా ఓపీకి ఎవరెవరు వస్తారో ముందే చెప్పేయొచ్చు. మొదట వాంతులు, విరేచనాలు. ఆపైన టైఫాయిడ్ జ్వరాలు. వాటి వెనకాల కళ్లు పచ్చబడినవాళ్లు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ, ఇ వైరస్‌లు ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. అందుకే కామెర్లు ఎప్పుడూ ఆఖర్న వస్తాయి. నీళ్లు ఎప్పుడు చెడ్డాయో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

కొన్నేళ్ల కిందట ఒకే వారంలో ఒకే గల్లీ నుంచి నలుగురు కామెర్లతో వచ్చారు. వాళ్లలో ఒకరు ఎనిమిదో నెల గర్భిణి. పరీక్షలో హెపటైటిస్-ఇ అని తేలింది. మామూలుగా ఇది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. గర్భం చివరి మూడు నెలల్లో మాత్రం కాలేయం ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. ఆ దశలో సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు.

‘మేం ఫిల్టరు నీళ్లే తాగుతాం కదా సార్’ అని ఆమె అత్తగారు నన్ను మూడుసార్లు అడిగారు. నిజమే, తాగేవి ఫిల్టరు నీళ్లే. కానీ నోరు పుక్కిలించేదీ, కొత్తిమీర కడిగేదీ, పచ్చడి చేసిన మిక్సీ జారు తొలిచేదీ నల్లా నీళ్లతోనే.

పైపు లోపల ఏం జరుగుతుంది?

మన ఊళ్లలో నల్లా నీళ్లు రోజుకో గంటో, రెండు రోజులకోసారో వస్తాయి. నీళ్లు వస్తున్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి పగులు ఉన్నా లోపలి నీళ్లే బయటికి పోతాయి. సరఫరా ఆగగానే ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్న తడి అదే పగుల్లోంచి లోపలికి దిగుతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే ఆ తడి ఏమిటో చెప్పక్కర్లేదు. పైగా కొందరు నల్లాకు మోటారు బిగిస్తారు. అది నీళ్లతో పాటు ఆ మురుగునూ గుంజుతుంది.

1955 చివర్లో ఢిల్లీలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. యమునలో మురుగు వెనక్కి తన్ని నీటి శుద్ధి కేంద్రంలోకి చేరడంతో సుమారు 29 వేల మందికి కామెర్లొచ్చాయి. హెపటైటిస్-ఇ అనే వైరస్ ఒకటుందని అప్పటికి తెలియనే తెలియదు. దాచిపెట్టిన రక్త నమూనాలను పరీక్షించి ఏళ్ల తరవాత తేల్చారు.

ఇళ్ల మురుగుకు ఒక దారి, వాన నీటికి ఇంకో దారి ఉండాలి. చాలాచోట్ల వాన కాలువలోనే సెప్టిక్ ట్యాంకు పైపు కలిపేస్తాం. వాన పడితే ఆ కాలువ పొంగి, మురుగు సంపుల్లోకి, బోరుబావుల దాకా వస్తుంది. ఇది ‘వాళ్లెవరో’ చేసే తప్పు కాదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ‘కాలువలో కలిపేద్దామా’ అంటే మనమే తలూపుతాం.

డబ్బు ఎక్కడి నుంచి?

ఇది వైద్యుడు రాసే సంగతేనా అనిపించొచ్చు. ఎక్కించిన సెలైన్ సీసాల లెక్క మా దగ్గర ఉంటుంది, వేయని పైపుల లెక్క ఇంకెక్కడో ఉంటుంది. రెండూ ఒకే ఖర్చని నేను అనుకుంటాను.

కేంద్రం 2021లో మొదలుపెట్టిన అమృత్ 2.0లో పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలకు పనుల ఖర్చులో నాలుగో వంతు, లక్ష నుంచి పది లక్షల మధ్య ఉంటే మూడో వంతు, లక్షలోపు పట్టణాలకు సగం కేంద్రం వాటా. మిగతాది రాష్ట్రం, మున్సిపాలిటీ సమకూర్చుకోవాలి. లక్షలోపు పట్టణాల మురుగునీటి నిర్వహణకు స్వచ్ఛ భారత్ రెండో దశలోనూ నిధులున్నాయి. పల్లెల సంగతికొస్తే, 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికి, తాగునీటికి మాత్రమే వాడాలని కట్టడి చేసింది. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదల తరవాత నాలాల మొదటి దశకు సుమారు 985 కోట్లు, 31 మురుగుశుద్ధి కేంద్రాలకు 3,866 కోట్ల రూపాయలు కేటాయించారు.

అంటే డబ్బు అసలు లేదనడానికి లేదు. నన్ను కలవరపెట్టేది ఇంకో అంకె. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజూ 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతోంది. శుద్ధి చేయడానికి కట్టిన యంత్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్లు. కట్టినవి కూడా పూర్తిగా నడవడం లేదన్నమాట. కట్టడానికి గ్రాంటు వస్తుంది, శంకుస్థాపనకు ఫొటో ఉంటుంది. కరెంటు బిల్లుకూ, ఆపరేటరు జీతానికీ ఎవరూ గ్రాంటు ఇవ్వరు. అవి ఆస్తి పన్ను నుంచీ, సీవరేజీ సెస్సు నుంచీ రావాలి. మా ఆస్పత్రుల్లోనూ ఇదే తంతు: మిషను కొంటారు, ఏడాది తిరిగాక మరమ్మతుకు డబ్బుండదు.

గంగ ప్రక్షాళనలో దీనికో విరుగుడు పెట్టారు. శుద్ధి కేంద్రం కట్టే సంస్థకు కట్టేటప్పుడు 40 శాతమే ఇస్తారు. మిగతా 60 శాతం 15 ఏళ్లపాటు, అది సరిగ్గా నడిస్తేనే విడతలవారీగా చెల్లిస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చింది.

మన అపార్ట్‌మెంట్ల సంగతి వేరేగా లేదు. కరెంటు ఆదా అని అసోసియేషనే రాత్రిళ్లు ఎస్‌టీపీ ఆపేయడం నేను చూశాను. మెయింటెనెన్సు మీటింగులో లిఫ్టు గురించి అరగంట మాట్లాడతాం. ఎస్‌టీపీ లాగుబుక్కు ఎవరమూ అడగం.

వానాకాలం లోపు రెండు పనులు మన చేతుల్లోనే ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి యంత్రంతోనే ఖాళీ చేయించండి, మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. నల్లా చివర నీటిలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. చిన్న కిట్టుతో రెండు నిమిషాల్లో తెలుస్తుంది, మున్సిపల్ సిబ్బందిని పిలిచి మీ ఎదుటే చూపించమనండి. నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా కాచి చల్లార్చినవే వాడండి, పళ్లు తోముకోవడానికి కూడా. ఇంట్లో గర్భిణి ఉంటే రంగు మారేదాకా కూడా ఆగొద్దు.

ఆ గల్లీ పైపు గురించి మేం రాసిన ఉత్తరానికి మొదట జవాబు రాలేదు. నలుగురి రిపోర్టులూ జతచేసి రెండోసారి రాశాం. మరుసటి వేసవిలో పైపు మార్చారు. కాలువ మాత్రం అలాగే ఉంది. కామెర్లతో ఎవరొచ్చినా ఇప్పటికీ వయసుకన్నా ముందు వీధి పేరే అడుగుతాను.